దిగుమతి కోపం

మునిరత్నం మొదటిసారి చెయ్యెత్తిన రోజున చారులో ఉప్పు సరిగ్గానే ఉంది.

ఆ సంగతి వనజాక్షికి రూఢిగా తెలుసు. గోడకు తగిలిన తల తిరుగుడు తగ్గాక, చెవిలో రొద ఆగాక, నేలమీద ఒలికిన చారు తుడుస్తూ వేలు నాకి మరీ చూసుకుంది. ఉప్పు సరిపోయింది. చింతపండు ఒక పిసరు ఎక్కువైందేమో. కానీ చింతపండు ఎక్కువైందని పెళ్ళాన్ని గోడకేసి కొట్టే మనిషి కాదు మునిరత్నం. స్కూటరు మీద పోతుంటే బర్రె అడ్డమొస్తే హారను కొట్టడు. కాలు కింద మోపి, అది తన ఆలోచన ముగించుకుని పక్కకు తప్పుకునేదాకా నిలబడతాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఇంట్లో అతని నోట ఆమె విన్న అతి పెద్ద తిట్టు "ఏందిమే ఇది" అన్నదొక్కటే.

అదే మనిషి ఇప్పుడు వంటింటి గడప మీద కూలబడి, తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, పొరుగింట్లో అడిగి తెచ్చుకున్న వస్తువును చూసినట్టు చూస్తున్నాడు.

"నేను కాదు వనజా," అన్నాడు.

"మరెవురు? గోడే వచ్చి నాకు తగిలిందా?"

"వాడెవుడో. మజ్జాన్నం ఆఖరి లైనులో వచ్చినోడు. వాని కోపం పూరాగా దిగలా. లోపల ఒగ మూల మిగిలిపోయినట్టుండాది. నువ్వు చారు పోస్తావుంటే ఆ మూల నుంచి లేసింది."

హాల్లో మంచం మీద కూర్చుని మురుకుల పిండిలోకి నువ్వులు ఏరుతున్న అతని తల్లి కుప్పమ్మ తలెత్తకుండానే అంది: "యాడో సముద్రానికవతల ఎవుడికో కోపమొస్తే ఈడ నా కోడలి చెంప వాచిందంటే, అదేం రైలురా నాయనా! ఇంత బిన్నా మన ఊరికి బస్సు గూడా రాదే!"

ఎవరూ నవ్వలేదు. కుప్పమ్మ కూడా.

*

నారుమడుగు మగ్గాల ఊరు. చిత్తూరు నుంచి తమిళనాటి సరిహద్దుకు పోయే దారిలో ఉంటుంది. ఒకప్పుడు ఆ ఊళ్ళో నిద్రపోవాలంటే మరమగ్గాల చప్పుడు వినపడాలి; కరెంటు పోయి చప్పుడు ఆగితే పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. తర్వాత ఎక్కడో ఏ దేశంలోనో ఇంతకంటే చవగ్గా లుంగీలు నేయడం మొదలుపెట్టారు. నారుమడుగు మగ్గాలు పాత ఇనుము కింద తూకానికి పోయాయి. మునిరత్నం నడిపిన రెండు మగ్గాలూ ఒకే లారీలో పోయాయి. లారీ మలుపు తిరిగేదాకా చూసి, ఇంట్లోకొచ్చి, "ఏందిమే ఇది" అన్నాడు. అంతే.

అలాంటి ఊరికి డాక్టర్ హేమగిరి వచ్చాడు. ఆ ఊరి నేతగాడి మనవడే. విదేశాల్లో మెదడు గురించి చదివి, చదివింది చాలక అక్కడే ప్రయోగశాల పెట్టి, చివరికి సొంత ఊరికి ఒక కంపెనీని వెంటబెట్టుకొచ్చాడు. కల్యాణ మండపంలో మీటింగు పెట్టి, ఎలుకలతో మొదలుపెట్టాడు.

"రెండు బోనులు పెట్టినాం. ఒకదాంట్లో ఎలుకకి బాగా కోపం తెప్పించినాం. దాని మెదడులో బాదంగింజంత చోటొకటి ఉంటుంది, కోపం అక్కడ రగులుతుంది. ఆ రగిలేదాన్ని చెరిపేద్దామని చూస్తే ఎలుక గిలగిలా కొట్టుకుని చచ్చిపోయింది. ఒకటి కాదు, ఎన్నో. చివరికొక రోజు ఎలుక చావలేదు. చల్లబడిపోయి గింజలు తింటా కూర్చుంది. అబ్బా, గెలిచినాం అనుకున్నాం. పక్క బోనులోంచి చప్పుడైతే తిరిగి చూసినాం. ఊరికే నిద్రపోతున్న రెండో ఎలుక లేచి, తన తోక తానే కొరుక్కుని తింటాంది."

మండపంలో ఎవరో "అయ్యో పాపం" అన్నారు.

"అప్పుడు అర్థమైంది నాకు. కోపం పోదు. చోటు మారుతుంది, అంతే." హేమగిరి చాలా చక్కగా నవ్వాడు. ఏం చెప్పినా ఆ నవ్వు చెదరదు. "అక్కడ ఒక పెద్ద కంపెనీ నడిపే మనిషికి గంటసేపు కోపమొస్తే తప్పుడు సంతకం పెడతాడు, పనికొచ్చేవాణ్ణి ఉద్యోగంలోంచి తీసేస్తాడు, వాడి పెళ్ళాం కోర్టుకు పోతుంది. ఆ గంట ఖరీదు మన వీధి వీధంతా ఏడాది తిండి. అదే గంట కోపం ఇక్కడ మీలో ఒకరికొస్తే ఏమవుతుంది? ఒక కుండ పగుల్తుంది! వాళ్ళకూ లాభం, మనకూ లాభం, కుండలు చేసే దొరసామికి మరీ లాభం."

ఎందుకు ఈ ఊరేనని ఎవరో అడిగారు. దానికీ అతని దగ్గర జవాబుంది. నారుమడుగు గంగజాతరలో మగవాళ్ళు ఒళ్ళంతా తెల్లసుద్ద, బొగ్గు పూసుకుని, నడుముకు వేపమండలు కట్టుకుని, వీధి వెంబడి ఎదురుపడ్డవాళ్ళనల్లా బూతులు తిడతారు. అప్పిచ్చినవాణ్ణి, అల్లుణ్ణి, ఎమ్మార్వోని. ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. తిట్టేవాడి చెయ్యి మాత్రం ఎవరికీ తగలకూడదు. తగిలితే వేషం పోయినట్టే. అమ్మవారి ముందు నీళ్ళు పోసుకుని ఇంటికి పోవాలి. తాతల కాలం నుంచి ఏడాది కోపమంతా ఆ వారంలో నోటితో దించేసుకుని, మిగతా ఏడాది బర్రెలు తప్పుకునేదాకా ఆగుతారు.

"ఒక దేశానికి బొగ్గు ఉంటుంది, ఒక దేశానికి ఇనుము ఉంటుంది," అన్నాడు హేమగిరి. "మనకు ఇది ఉంది."

మర్నాడు పొద్దున ఇంట్లో చర్చ జరిగింది. వనజాక్షి ఎకనామిక్స్‌లో ఎం.ఏ. చదివింది. ఆ చదువు ఇన్నాళ్ళూ గ్యాసుబండ ఎన్నిరోజులొస్తుందో లెక్కేయడానికే పనికొచ్చింది. ఇప్పుడు దానికి దుమ్ము దులిపే అవకాశం వచ్చేసరికి కొంచెం ఉత్సాహపడింది.

"ఎవుడి కోపమో మనకెందుకుమే? మన కోపాలు మనకు చాలవా?" అంది కుప్పమ్మ.

"చూడత్తా. నీకు మురుకులు బాగా వస్తాయి. ఇల్లు ఊడవడం కూడా నాకంటే నీకే బాగా వస్తుంది. అయినా నువ్వు మురుకులు చేసి, చీపురు నా చేతికిస్తావు. ఎందుకు?"

"నువ్వు చేస్తే మురుకులు రాయి మాదిరి ఉంటాయి కాబట్టి."

"అదే అత్తా ఎకనామిక్సు. అన్నిట్లో నువ్వే గొప్పైనా సరే, నేను దేంట్లో తక్కువ చెడగొడతానో ఆ పని నాకియ్యాలి. అప్పుడు ఇంట్లో మురుకులూ ఉంటాయి, ఇల్లూ శుభ్రంగా ఉంటుంది."

మునిరత్నం ఇద్దరివైపూ చూశాడు. "అంటే నేను పోవచ్చంటావా?"

"పోవచ్చు," అంది వనజాక్షి. పుస్తకంలో రెండు దేశాలుంటాయి. ఒకటి బట్ట నేస్తుంది, ఇంకొకటి సారా కాస్తుంది. ఒకరి సరుకు ఒకరు మార్చుకుంటే ఇద్దరూ బాగుపడతారు. బట్ట నేయడం మానుకున్న ఊళ్ళో చివరికి సారా ఒక్కటే మిగులుతుందని ఆ పుస్తకంలో రాయలేదు.

*

మొదట్లో అంతా పుస్తకంలో ఉన్నట్టే జరిగింది.

కంపెనీ సెంటరుకు క్యారియరు ఇవ్వడానికి వెళ్ళిన రోజున వనజాక్షి అద్దంలోంచి చూసింది. పొడుగాటి హాలు, మగ్గాలుండే చోట వరసగా కుర్చీలు. మునిరత్నం నుదుటికి మెత్తటి పట్టీ కట్టారు. ముందుగా మజ్జిగ తాగించారు. ఎదురుగా ఒక ముల్లు, గడియారం ముల్లులాంటిదే, ఎర్ర భాగంలో వణుకుతూ ఉంది. అది లైనులో అవతలున్నవాడి కోపం. ఎవడు, ఎందుకు, ఎవరిమీద అన్నది ఇటు రాదు. కోపం ఒక్కటే వస్తుంది, కారణం అక్కడే ఉండిపోతుంది.

ముల్లు మెల్లగా పచ్చ భాగంలోకి దిగింది. దిగినకొద్దీ మునిరత్నం మెడనరాలు లేచాయి. కళ్ళు ఎర్రబడ్డాయి. పళ్ళు పటపటమన్నాయి. పట్టీ తియ్యగానే లేచి, పక్కనున్న గదిలోకి ఇంచుమించు పరిగెత్తాడు. దాన్ని దింపుడు గది అంటారు. అక్కడ దొరసామి కుండలు గోడవారగా పేర్చి ఉన్నాయి. మునిరత్నం ఒక్కొక్కటే ఎత్తి గోడకు విసిరాడు. విసురుతూ జాతర తిట్లు తిట్టాడు. జాతరలో కూడా విననన్ని తిట్లు తెలిసిన మనిషితో కాపురం చేస్తున్నానని వనజాక్షికి ఆ రోజే తెలిసింది. అరగంట తర్వాత చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి, "క్యారియర్లో ఏముందిమే?" అన్నాడు. ఎప్పటి మునిరత్నమే.

ఇంటికి కొత్త ఫ్రిజ్జు వచ్చింది. కుప్పమ్మ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఎదురింటి గోవిందస్వామి, అతని బావమరిది, ఆ వీధిలో మగ్గం పోగొట్టుకున్న ప్రతి మగాడూ కుర్చీ ఎక్కాడు. దొరసామి కుండలు చెయ్యలేక మేనల్లుళ్ళను పిలిపించుకున్నాడు.

రెండో ఏడు దింపుడు గదికి తాళం పడింది. చారు ఒలికింది ఆ తర్వాతే.

*

ఆ వీధిలో ఒక్క మేడ కూడా లేదు. అయినా ఆడవాళ్ళందరూ మెట్లమీద నుంచి పడుతున్నారు.

నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడ్డప్పుడు వనజాక్షి ఈ వింత గమనించింది. గోవిందస్వామి పెళ్ళాం సరోజకు కన్ను మూసుకుపోయింది. "మెట్లక్కా," అంది. ఆ పక్కావిడ ముందు పళ్ళు రెండు లేవు. "మెట్లే." వనజాక్షి పెదవి మీద గాటు చూసి వాళ్ళిద్దరూ అడగలేదు. అడిగితే ఆమె కూడా అదే చెప్పేది. చివరికి సరోజే నవ్వి, "మన ఇండ్లకు మెట్లు కట్టించింది ఎవురో గానీ, చేతులు పడిపోనూ," అంది. నవ్వితే కన్ను నొప్పిపుట్టి నీళ్ళు కారాయి.

వనజాక్షి బిందె అక్కడే వదిలేసి హేమగిరి ఆఫీసుకు వెళ్ళింది.

అతను లేచి కుర్చీ జరిపాడు. మజ్జిగ తెప్పించాడు. నుదుటి మీద సన్నటి పట్టీ అచ్చు ఉంది. ఆమె చూపు అక్కడ ఆగడం చూసి, "నేనూ కస్టమర్నేనమ్మా. పొద్దున మొదటి లైను నాదే. మన సరుకు మనమే వాడకపోతే ఎట్లా?" అన్నాడు.

"మీ కోపం ఎవురికి పోతుంది సార్?"

"అది చెప్పకూడదు. రూలు."

"దింపుడు గది ఎందుకు మూసినారు?"

"మీరు ఎకనామిక్స్ చదివినారంట కదా, మీకు చెప్తే అర్థమవుతుంది. ఇంకో దేశంలో మనకంటే చవగ్గా తీసుకుంటామంటున్నారు. కుండలు, గది, అరగంట జీతం, ఇవన్నీ కలిపితే మనం ఖరీదైపోతాం. అందుకని ఇంటి దగ్గర దింపుకోమన్నాం."

"ఇంటి దగ్గర, ఎవరి మీద?"

హేమగిరి నవ్వాడు. మండపంలో నవ్విన నవ్వే. అందులో ఎగతాళి లేదు, బాధ లేదు, ఏమీ లేదు. కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది.

"సార్, ఫ్యాక్టరీ మురికినీళ్ళు ఏట్లోకి వదిలేస్తే ఖర్చు తగ్గదు. ఖర్చు ఏటి ఒడ్డునున్న వాళ్ళకి మారుతుంది. మీ కుండల ఖర్చు తగ్గలేదు. మీరిప్పుడు మట్టి కుండలు మాని మమ్మల్ని వాడుతున్నారు."

"చాలా బాగా చెప్పినారమ్మా," అన్నాడు హేమగిరి మనస్ఫూర్తిగా. "వచ్చే వారం జాతర కదా. ఆ వారం అందరికీ రెండింతల లైన్లు వేస్తున్నాం. జాతరలో ఊరికే దిగిపోతుంది, ఒక్క కుండ కూడా అక్కర్లేదు. జాతర అయ్యాక అందరూ కడిగిన ముత్యాల్లా ఉంటారు. చూడండి."

ఆమె ఇంటికొచ్చి మునిరత్నంతో చెప్పింది: "జాతర వారం పోవద్దు. నామాట విను."

"పోకుంటే కుర్చీ ఇంగొకడికి ఇచ్చేస్తారు వనజా." అతని కనురెప్ప అదురుతోంది. ఈ మధ్య అది నిద్రలో కూడా అదురుతుంది. "అయినా జాతర ఉండాది కదా. మా తాత చచ్చిపోయేంత కోపాన్ని ఆడ దింపినాడంట. ఇదొక లెక్కా? అమ్మవారు చూసుకుంటాది."

కుప్పమ్మ కూడా అదే అంది. వీధి వీధంతా అదే అంది. గంగమ్మ ముందు దిగని కోపం ఉండదు. తాతల నాటి నమ్మకం అది. తాతల కోపం తాతలదే కాబట్టి ఆ నమ్మకం నిలిచింది. పరాయి కోపానికి కూడా అమ్మవారి దగ్గర అదే కొలత పనిచేస్తుందా అని ఎవరూ ఆలోచించలేదు. వనజాక్షి ఆలోచించింది గానీ, ఆలోచించి బొగ్గు నూరి ఇచ్చింది, అతను ఒంటికి పూసుకోవడానికి.

*

జాతర రోజు మధ్యాహ్నానికి వీధి తెల్లసుద్దతో, పసుపునీళ్ళతో బురదైంది. డప్పులు మోగుతున్నాయి. షిఫ్టు నుంచి నేరుగా వచ్చి వేషం కట్టిన మగవాళ్ళు బారులుగా వస్తున్నారు. వనజాక్షి సరోజతోపాటు అరుగు మీద నిలబడింది. మునిరత్నం ఇంకా సెంటరు నుంచి రాలేదు.

గోవిందస్వామి తన బావమరిదిని పట్టుకున్నాడు. ప్రతి ఏడూ వాళ్ళిద్దరి తిట్లు వినడానికే జనం చేరతారు. గోవిందస్వామి బావమరిది పుట్టుక దగ్గర మొదలుపెట్టి, నడక, పెళ్ళి, కాపురం అన్నీ తిట్టాడు. జనం ఈలలు వేశారు. సరోజ కూడా ఒక కన్నుతో నవ్వింది. అతను ఇంకా తిట్టాడు. వెనకటి తిట్లు మళ్ళీ తిట్టాడు. తమిళంలో తిట్టాడు. ఆ తర్వాత నోరు తెరిచాడు, మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. గొంతులోంచి కుక్క గుర్రుమన్న చప్పుడొకటి వచ్చింది.

తిట్లు అయిపోయాయి. కోపం అయిపోలేదు.

డప్పులవాడు వాయించడం ఆపేశాడు. అందరికంటే ముందు అతనికే అర్థమైంది. గోవిందస్వామి పక్కనున్న కొబ్బరికాయల బండి మీది కత్తి అందుకున్నాడు. బావమరిది నవ్వుతూనే ఉన్నాడు, ఇది కొత్త విద్య అనుకుని. కత్తి మెడకూ భుజానికీ మధ్య దిగింది. తెల్లసుద్ద మీద రక్తం ముందు గులాబిరంగుగా కనపడింది. రెండో వేటుకు రంగు సరైంది.

ఆ తర్వాత వీధిలో ఏ మగవాడు ఎవర్ని కొట్టాడో ఎవరూ చెప్పలేరు. వేపమండలు పోయి కర్రలొచ్చాయి, కర్రలు పోయి రాళ్ళొచ్చాయి. బొగ్గు పూసిన మొహాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒకడు మరొకడి తలను అమ్మవారి రథం చక్రానికేసి కొడుతున్నాడు, వడ్లు దంచినంత నిదానంగా. సరోజ అరుగు దిగి మొగుడి వైపు పరిగెత్తింది. వనజాక్షి ఆమె కొంగు పట్టుకుంది. కొంగు చిరిగి చేతిలో మిగిలింది. కత్తి మూడోసారి పైకి లేవడం చూసి వనజాక్షి కళ్ళు మూసుకుంది. తెరిచి, వెనక్కి తిరిగి, సందుల్లోంచి ఇంటికి పరిగెత్తింది. అతను ఇంటికి చేరేలోపు తను చేరాలి. ఆమెకున్న ఆలోచన అదొక్కటే. అతని చేతికి రక్తం అంటకూడదు.

తలుపు తెరిచే ఉంది.

కుప్పమ్మ మంచానికీ గోడకూ మధ్య నేలమీద ఉంది. కుడి మణికట్టు ఉండవలసిన వైపు కాకుండా ఇంకోవైపు తిరిగి ఉంది. మునిరత్నం ఆమె పైన నిలబడి ఉన్నాడు, రెండు చేతుల్లో రుబ్బురోలు పొత్రం. వేషం కట్టుకోలేదు. షిఫ్టు చొక్కా మీదే ఉన్నాడు. అతని ఒళ్ళంతా మరమగ్గంలా కొట్టుకుంటోంది.

"కొట్టరా నా కొడకా!" అంటోంది కుప్పమ్మ కిందనుంచి. "నీకు పాలిచ్చిన తలకాయరా ఇది. కొట్టు! తిట్టరా ముందు, తిట్టు! నోరు లేదా నీకు, సచ్చినోడా!"

"మాటలు రాలేదమ్మా," అన్నాడు మునిరత్నం. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, చేతులు మాత్రం దిగడం లేదు. వనజాక్షిని చూశాడు. "వనజా, ఎందుకుమే నాకింత కోపం? ఎవురి మీద? ఏదో ఒకటి చెప్పు. బిన్నా చెప్పు. లేకుంటే అమ్మ మీద పడేస్తాను."

వనజాక్షి ఆ క్షణంలో చెప్పదగ్గవి చాలా ఉన్నాయి. అది నీది కాదు, వదిలెయ్యి, అనవచ్చు. తనే వెళ్ళి పొత్రం కింద తలపెట్టవచ్చు. ఆమె కళ్ళముందు మాత్రం సరోజ కొంగు ఉంది. నాలుకకు పెదవి మీది గాటు తగులుతోంది. లోపల, చాలా లోపల, ఇన్ని నెలలుగా తుడిచిన నేలల కింద, ఎవరూ దిగుమతి చెయ్యని కోపమొకటి ఉంది. దానికి కారణం ఉంది, పేరు ఉంది, ఆఫీసు ఉంది.

పాఠం చెప్పే గొంతుతో, నిదానంగా అంది: "కుండలు ఆపించినోడు హేమగిరి. గది మూసినోడు హేమగిరి. రెండింతల లైన్లు వేసినోడు హేమగిరి. పొద్దున మొదటి లైనులో నీకొచ్చేది వాని కోపమే అయినా కావచ్చు. అందుకే వాడు నవ్వుతా ఉంటాడు."

చివరి మాట ఆమెకు తెలియదు. ఊహ. అయినా అంది.

మునిరత్నం కళ్ళు ఒకచోట నిలిచాయి. చాలా నెలల తర్వాత నిలిచాయి. ఒళ్ళు కొట్టుకోవడం ఆగింది. దారి తెలిసిన మనిషిలా పొత్రాన్ని భుజానికెత్తుకుని గడప దాటాడు.

"ఏం చేస్తివే!" అంది కుప్పమ్మ.

వనజాక్షి ఆమె చేతికి కొయ్యగరిటె ఆనించి గుడ్డ కట్టింది. గట్టిగా, సరిగ్గా కట్టింది. ఆ తర్వాతే లేచి అతని వెనక వెళ్ళింది.

ఆమె గేటు దగ్గరికి చేరేసరికి సెంటరు మెట్ల మీద హేమగిరి నిలబడి ఉన్నాడు. ఊరి అరుపులు విని బయటికొచ్చినట్టున్నాడు. ఎదురుగా పొత్రం మోస్తూ వస్తున్న మనిషిని చూసి నవ్వాడు.

"రా మునిరత్నం. చాలా వేడిగా ఉన్నావు. మజ్జిగ తాగుతావా?"

మొదటి దెబ్బకు మోకాలు విరిగింది. హేమగిరి కూర్చున్నాడు. ఆశ్చర్యంగా మోకాలి వైపు చూసి, మళ్ళీ తలెత్తి నవ్వబోయాడు. పారిపోలేదు. తిట్టలేదు. చెయ్యైనా అడ్డం పెట్టుకోలేదు. చెయ్యి అడ్డం పెట్టుకోవడానికి కూడా మనిషిలో కాస్తంత కోపం ఉండాలి. అతను దాన్ని ఏ రోజుకారోజు బయటికి పంపించేశాడు.

రెండో దెబ్బ దవడ మీద, మూడోది కణతల మీద పడ్డాయి. ఆ తర్వాతివి మనిషి మీద కాదు, మనిషి ఉండిన చోటు మీద. మునిరత్నం నేత నేసినట్టు, ఒక లయలో, పొత్రం ఎత్తి దించాడు. ప్రతి దెబ్బకూ "ఇది కుండలకు," "ఇది సరోజ కంటికి," "ఇది నా పెళ్ళాం పెదవికి," అని పేరుపేరునా చెప్పాడు. మాటలు తిరిగొచ్చాయి. చెప్పడానికి ఏమీ మిగలనప్పుడు పొత్రాన్ని మెల్లగా, చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

"ఏందిమే ఇది," అన్నాడు తన చేతులు చూసుకుని.

*

కంపెనీ సంతాపం తెలిపింది. నెల తిరక్కముందే కుర్చీలు లారీకెక్కాయి. ఇంకో ఖండంలో ఇంకో ఊరు దొరికిందట. అక్కడివాళ్ళు ఏవో డోళ్ళు వాయిస్తారట, కోపం చాలా చక్కగా దిగుతుందట.

సబ్‌జైల్లో మునిరత్నం కాస్త చిక్కాడు, కనురెప్ప అదరడం లేదు. ఊచలవతల నిలబడి, ముందు తల్లి చెయ్యి ఎలా ఉందని అడిగాడు. తర్వాత బ్యారక్‌లోకి ఒక పిల్లి వస్తుందనీ, అది తన దుప్పటి మీద పడుకుంటే లేపలేక నేలమీద పడుకుంటున్నాననీ చెప్పాడు. వనజాక్షి వింటూ ఉంది. ఇదే మనిషి. ఇన్ని నెలలుగా ఈ మనిషినే వెతికింది. దొరికాడు, ఊచలవతల.

ఆమెకు ఆ రోజు నుంచి కోపం రాలేదు. ట్యాంకరు దగ్గర ఎవరైనా బిందె తోసేసినా రాలేదు. ఒళ్ళు తేలిగ్గా, చల్లగా, హాయిగా ఉంది. ఈ హాయి కోసమే సముద్రానికవతల వాళ్ళు అంత డబ్బు పోస్తున్నారని ఆమెకిప్పుడు తెలుసు. పోయవలసిందే. అంత బాగుంటుంది. అదే ఆమెకు నిద్ర పట్టనివ్వడం లేదు.

"లాయరు అడిగినాడు," అన్నాడు మునిరత్నం, గొంతు తగ్గించి. "హేమగిరి మీదికి ఎవురు పంపినారని. ఎవురూ లేరు, నాకే తోచిందని చెప్పినా."

"నేను చెప్తాను, నేనే పంపినానని."

"వద్దు వనజా. రెండేండ్లు ఎవురెవురిదో మోసినా. వాళ్ళ మొగం తెలీదు, పేరు తెలీదు. ఇదొక్కటే నేనెరిగిన మనిషిది. దీన్ని మోయడం నాకు బరువు గాదు. గమ్మునుండు."

బయట చింతచెట్టు నీడలో కుప్పమ్మ కూర్చుని ఉంది, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

"ఏమన్నాడుమే?"

"తనే మోస్తాడంట."

"మోయనీ. వాని పెండ్లానిదే కదా. ఇద్దరూ లోపలికి పోతే నాకు చారు కాచి పోసేదెవురు?" అంది కుప్పమ్మ. అని, కోడలి మొహం చూసి, తలతిప్పుకుంది. ఎడమచేతిని నేలకు ఆనించి లేచింది. "సరే, నడువు. ఈ ముసల్దానికి కంచం కడగడం ఇంగా వచ్చులే."

పోలీసు స్టేషను ఎదురుగానే ఉంది. లోపల కానిస్టేబులు టీ తాగుతూ, తలెత్తకుండా, "ఎవురి మీదమ్మా కంప్లయింటు?" అన్నాడు.

"నా మీద," అంది వనజాక్షి.

అతను గ్లాసు కింద పెట్టాడు. "ఎవురైనా రమ్మన్నారా? ఎవురు పంపినారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు. నా పని నేనే చేసుకుందామని వచ్చాను," అని ఆమె బల్ల ఎదురుగా కూర్చుంది. కూర్చోగానే, ఎక్కడో కడుపు అడుగున, చిన్నగా, తనదైన కోపం మళ్ళీ రాజుకోవడం ఆమెకు తెలిసింది. చెయ్యి అడ్డం పెట్టి గాలి తగలకుండా దీపాన్ని కాపాడుకున్నట్టు, దాన్ని కాచుకుంటూ, చారు ఒలికిన రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టింది.